సిమెంటు దుమ్ములో గడిచిన బాల్యాన్ని బొమ్మగా కట్టడం ఎలా?

మా ఊరు దామరచర్ల మండలంలో, కృష్ణ ఒడ్డుకు దగ్గర. నది వెంట అటు పల్నాడు, ఇటు నల్లగొండ, భూమిలో ఉన్నదంతా సున్నపురాయే. అందుకే వాడపల్లి నుంచి మఠంపల్లి, మేళ్లచెరువు దాకా సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. మా నాయిన అట్లాంటి ఒక ఫ్యాక్టరీలో బస్తాలు నింపే దగ్గర పనిచేశాడు. పొద్దున లేచి చూస్తే దండెం మీది బట్టలు, సైకిల్ సీటు, తులసి ఆకులు అన్నీ ఒకే రంగులో ఉండేవి.

చాలా ఏళ్లు నేను ఆ ఊరిని నీటిరంగులతో వేశాను. పొగగొట్టం, దాని వెనక సూర్యుడు, ముందు లారీలు. బొమ్మలు బాగానే ఉండేవి కానీ అవి మా ఊరివి కావు. పొగగొట్టం ఏ దేశంలోనైనా పొగగొట్టమే. మా ఊరిని మా ఊరిగా చేసింది దాని ఆకారం కాదు, సరుకు: ఆ పొడి, ఆ గోనె, ఆ తుప్పు. ఈ సంగతి తెలిశాక బొమ్మ గీయడం మానేసి కట్టడం మొదలుపెట్టాను. మిక్స్‌డ్ మీడియా అనేది ఇదే. రంగుతో పాటు బట్ట, కాగితం, మట్టి, ఇనుము, ఏది అవసరమైతే అది పలక మీదికి తేవడం. మీరు కూడా క్వారీ పక్కనో, రైస్ మిల్లు వెనకనో, పవర్ హౌస్ క్వార్టర్స్‌లోనో పెరిగి ఉంటే కింది పద్ధతి మీకు పనికొస్తుంది.

ముందు ముక్కునూ చేతినీ అడగండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. కళ్లతో చూసినవి రాయకండి. అవి తేలిగ్గా వస్తాయి, పైగా సగం సినిమాల్లోంచి వస్తాయి. ముట్టుకున్నవి, వాసన చూసినవి, విన్నవి రాయండి. నా బుక్కులో మొదటి పేజీ ఇట్లా ఉంది: నాయిన అంగీ జేబు అడుగున గట్టిపడ్డ పొడి. మధ్యాహ్నం క్వారీలో తూటాలు పేలితే అల్మారాలో గిన్నెలు చేసే గలగల. షిఫ్ట్ సైరన్ మోగగానే పొయ్యి మీద ఎసరు పెట్టే అమ్మ. విష్ణుపురం స్టేషన్‌లో ఆగి ఉన్న వ్యాగన్ ఇనుము ఎండకు కాలి వేలికి చురుక్కుమనడం.

తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. మా అమ్మను దుమ్ము గురించి అడిగితే నేను అనుకోని మాట అంది: "తుడిసుడు సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. తెల్లటి వాకిట్ల తెల్లటి ముగ్గు ఏడ గనవడ్తది? ముందుగాల సాన్పి సల్లి నేలను నల్లగ జేసుకుంటెనే ముగ్గు." ముగ్గుపిండి కూడా సున్నపురాయి జాతి పొడే. వాకిట్లో రెండు తెలుపులుండేవి: ఒకటి ఫ్యాక్టరీది, ఇంకొకటి అమ్మది. మధ్యలో పేడనీళ్ల పచ్చటి చారిక. నా పలక మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

మీరూ ఒక్క జ్ఞాపకమే ఎంచుకోండి. ఊరంతటినీ ఒకే పలకలో ఇరికిస్తే ఏదీ మిగలదు.

సరుకు తెచ్చుకోవడం

సున్నపురాయి పొడి దొరకకపోతే ముగ్గుపిండి చాలు. ఒకసారి జల్లెడ, ఇంకోసారి పల్చటి బట్ట పట్టండి. జల్లెడలో మిగిలిన రవ్వ పారేయకండి, గరుకు చోట్లకు పనికొస్తుంది.

నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగింది, ఆ వడ్ల కోసం మిర్యాలగూడ చుట్టూ మిల్లులు వచ్చాయి. వడ్లు ఉడకబెట్టడానికి ఆ మిల్లుల బాయిలర్లలో ఊకనే కాలుస్తారు. అందువల్ల మా దగ్గర నల్లరంగుకు కొదవ లేదు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. మసి మిగిలి ఉంటే నల్లగా, పూర్తిగా కాలితే బూడిద తెలుపుగా ఉంటుంది. రెండూ వేర్వేరు డబ్బాల్లో తెచ్చుకోండి. ఒక్క జాగ్రత్త: బూడిద కుప్ప పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు రోజుల తరబడి ఉంటుంది. కుప్ప ఎక్కకండి. మిల్లు వాళ్లను అడిగి, చల్లారిన బూడిదను పార మీద తీసుకోండి.

ఇంకా కావలసినవి: పాత గోనె సంచి, ఖాళీ సిమెంటు సంచి, ఉతికిన పాత నూలు బట్ట, జంగు పట్టిన మేకులు, బైండింగ్ వైరు, రేకు ముక్కలు, తెల్ల జిగురు (ఫెవికాల్ లాంటిది), దబ్బనం, పురికొస. పొడులతో పనిచేసేటప్పుడు గుడ్డ కట్టుకుంటే చాలదు, మంచి మాస్కు కొనుక్కోండి. మా ఊళ్లో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల దగ్గును రాత్రుళ్లు వింటూ పెరిగినవాడిని కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఒక్క సరుకు మాత్రం నేరుగా వాడొద్దు, అదే సిమెంటు. తడి సిమెంటు ఘాటైన క్షారం, చేతుల తోలు ఊడదీస్తుంది. అది గట్టిపడాలంటే తడిగా ఉంచాలి, ఆ తడికి చెక్క ఉబ్బుతుంది. తప్పదనుకుంటే తొడుగులు వేసుకుని, అర అంగుళం మందాన చిన్న బిళ్లలు విడిగా పోసి, వారం రోజులు నీళ్లలో నానబెట్టి, పూర్తిగా ఆరాక అరాల్డైట్‌తో అతికించండి.

పలక, పూత

12 ఎం.ఎం. ప్లైవుడ్ 2 అడుగుల చదరం కోయించండి. వెనక నాలుగు వైపులా చెక్కపట్టీలు బిగించండి, లేకపోతే బరువుకు వంగుతుంది. జిగురులో రెండింతలు నీళ్లు కలిపి ముందూ వెనకా రెండు వైపులా పూయండి. ఒకవైపే పూస్తే పలక విల్లులా వంకరపోతుంది. దాని మీద గంజి పోయేదాకా ఉతికిన నూలు బట్టను జిగురుతో పరిచి, గాలిబుడగలు లేకుండా అరచేత్తో నిమరండి.

ఇప్పుడు పూత. చేర్యాల నకాశీ కళాకారుల దగ్గర నేర్చుకోవలసింది ఇక్కడ ఉంది. వాళ్లు ఖద్దరు బట్టకు సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపిన పూత వేసి, దాని మీద కథలు గీస్తారు. చింతగింజలు వేయించి, పైపొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, చిక్కగా ఉడికిస్తే జిగురు తయారు. ఎండాకాలంలో నేను దీన్నే వాడతాను. వానాకాలంలో మాత్రం బూజు పడుతుంది, అప్పుడు తెల్ల జిగురే మేలు.

మూడు పాళ్లు పొడి, ఒక పాలు జిగురు, చిక్కటి మజ్జిగంత అయ్యేదాకా నీళ్లు. మొదటి మూడు పూతలు పల్చగా వేయండి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ఆరినదాన్ని గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. తర్వాత ఇడ్లీ పిండంత చిక్కగా కలిపి, తాపీతో కావలసిన చోట మాత్రమే ఎత్తు పెంచండి. ఒకేసారి మందంగా పెడితే పగులుతుంది.

పగుళ్లే కావాలనుకుంటే నల్లరేగడి తెచ్చుకోండి. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోవడం ఆ మట్టి గుణం. జిగురు తక్కువ వేసి అరంగుళం మందాన పరిచి నీడలో ఆరబెడితే ఎండిన చెరువు అడుగులా నెర్రెలు వస్తాయి. ఆరాక ఆ నెర్రెల్లోకి పల్చటి జిగురునీళ్లు చుక్కలుగా వదలండి, లేదంటే పెచ్చులు రాలిపోతాయి.

తుప్పు

తుప్పు రంగును డబ్బాలోంచి కొనొద్దు. నూలు బట్టను వెనిగర్‌లో తడిపి, మేకులు, వైరు ముక్కలు దాంట్లో చుట్టి, దారంతో బిగించి, పాలిథిన్ కవర్లో రెండు మూడు రోజులు ఉంచండి. విప్పితే మేకు పడుకున్న చోటల్లా దాని నీడ మిగిలి ఉంటుంది, అంచుల్లో నారింజ, మధ్యలో ముదురు గోధుమ. వెంటనే వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో జాడించి ఆరేయండి. పులుపు మిగిలిపోతే తుప్పు బట్టను ఇంకా తొందరగా తినేస్తుంది.

ఈ పనంతా పలకకు దూరంగా, విడిగా చేయాలి. మొదటిసారి నేను ఆరిన సున్నపుపూత మీదే తడి వెనిగర్ బట్ట పరిచాను. చిన్నగా సుయ్‌మని చప్పుడు. బట్ట ఎత్తి చూస్తే పూతంతా నురగ. పది రోజుల పని పది నిమిషాల్లో పుండులా లేచింది. పులుపు తగిలితే సున్నపురాయి పొంగుతుందని, క్వారీల్లో రాయిని గుర్తుపట్టేది కూడా యాసిడ్ చుక్కతోనే అని తెలిసి కూడా ఆ పని చేశాను. మీరు చేయకండి.

ఇంకో మాట రంగుల గురించి. సున్నం ఉన్న చోట అన్ని రంగులూ బతకవు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పలక మీద కూడా పసుపు అట్లాగే ఎర్రబడవచ్చు, పైగా వెలుతురుకు వెలిసిపోతుంది. జాజు, పసుపుమట్టి లాంటి మట్టిరంగులు, ఊక బూడిద మాత్రం కదలవు.

అక్షరాలు, ఫోటోలు

పాత ఫోటోను అసలుది అతికించకండి, పాపం. దాన్ని లేజర్ జిరాక్స్ తీయించండి. ఇంక్‌జెట్ ప్రింటు తడికి కారిపోతుంది. పూత మీద జిగురు పట్టించి, జిరాక్స్‌ను బోర్లా అతికించి, గట్టిగా రుద్ది ఒక రోజు వదిలేయండి. తర్వాత తడిగుడ్డతో కాగితాన్ని నానబెట్టి, వేలి కొసతో గుండ్రంగా రుద్దితే కాగితం ఉండలు కట్టి ఊడుతుంది, మసి మాత్రం పూతకు పట్టుకుని ఉంటుంది. తొందరపడితే బొమ్మ కూడా వస్తుంది. బొమ్మ తిరగబడుతుంది కాబట్టి జిరాక్స్ షాపులోనే అద్దంలో కనిపించినట్టు తిప్పి తీయమని చెప్పండి. చెప్పడం మరిచి, మా నాయిన టోకెన్ నంబరు అద్దంలో లిపిలా తిరగబడి వచ్చిన పలక ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అచ్చు అక్షరాలు సంచుల మీద నుంచే వస్తాయి. జర్మనీలో హానోవర్‌కు చెందిన కుర్ట్ ష్విట్టర్స్ 1919 నాటికే టికెట్లు, చిత్తు కాగితాలు అతికించి బొమ్మలు కట్టాడు. ఒక బ్యాంకు ప్రకటన చింపితే మిగిలిన 'మెర్జ్' అనే ముక్కనే తన కళ మొత్తానికి పేరుగా పెట్టుకున్నాడు. సంచి మీది పేరంతా కనిపిస్తే అది ప్రకటన. "50 కి" దగ్గర చింపితే చూసేవాడికి వీపు మీద బరువు గుర్తొస్తుంది.

కుట్టడం

ఇప్పటి సిమెంటు సంచులు ఎక్కువగా ప్లాస్టిక్ నేత. తెల్ల జిగురు వాటిని పట్టదు, పట్టినట్టు కనిపించి నెలకు ఊడుతుంది. కాబట్టి కుట్టాలి. పలకలో సన్నటి డ్రిల్లుతో రంధ్రాలు వేసి, దబ్బనంతో పురికొస పోసి, సంచుల మూతి కుట్టినట్టే పెద్ద పెద్ద కుట్లు వేయండి. గోనెకు జిగురు సరిపోతుంది కానీ నేను దాన్నీ కుడతాను. ఆ కుట్టు మిల్లు హమాలీల చేతిది, అది కనిపించాలి.

చివరగా దుమ్ము

అన్నీ కుదిరాక దుమ్ము. చాలామంది బ్రష్‌తో తెల్లరంగు చిమ్ముతారు, అది సున్నం వేసిన గోడలా ఉంటుంది. దుమ్ము పై నుంచి పడుతుంది, పక్కల నుంచి కాదు. తులసి ఆకును దగ్గరగా చూడండి: పైముఖం తెల్లగా, నడిమి ఈనె పల్లంలో ఇంకా మందంగా, అంచుల రంపపు పళ్ల మీద పల్చగా ఉంటుంది. అడుగుముఖం మాత్రం పచ్చగానే. పలకను నేల మీద పరిచి, దుమ్ము నిలిచే చోట్ల మాత్రమే పల్చటి జిగురు తాకించి, బట్టపట్టిన పొడిని పల్చటి గుడ్డ మూటలో కట్టి పై నుంచి తట్టండి. పది నిమిషాలాగి నిలబెట్టి వెనక నుంచి తడితే అక్కర్లేనిది రాలిపోతుంది.

నేను ఈ దశలో అమ్మ మాట పెట్టాను. పలక కింది భాగంలో ఊక బూడిద, మట్టి కలిపి సాన్పి చల్లిన నేలలా ముదురుగా చేశాను. దాని మీద ముగ్గు నేను వేయలేదు. అమ్మే కూర్చుని, బొటనవేలు చూపుడువేలు మధ్య పిండి పట్టి, చుక్కలు పెట్టి గీతలు కలిపింది. జిగురునీళ్లను స్ప్రే సీసాతో దూరం నుంచి మంచులా చల్లి దాన్ని నిలిపాను. దగ్గర నుంచి చల్లితే పిండి ఎగిరిపోతుంది. ఆరాక మెరుపు లేని వార్నిష్ ఒక పూత చాలు. మెరిసే వార్నిష్ వేస్తే దుమ్ము తడిసినట్టు కనిపిస్తుంది.

తగిలించేటప్పుడు ఒక మేకుకు కాకుండా రెండు కొక్కేలకు తగిలించండి, వాన నెమ్ము దిగే గోడ మీద వద్దు. అంతకుముందు పలక వెనక పెన్సిల్‌తో ఏ సరుకు ఎక్కడిదో, ఎవరి చేతిదో రాయండి. నా పలక వెనక ఇట్లా ఉంది: పొడి, వాడపల్లి. బూడిద, మిర్యాలగూడ. బట్ట, నాయిన అంగీ వీపు భాగం. ముగ్గు, అమ్మ.