పాత సైనిక ఉత్తరాలు చదవడం – నాలుగవ పాఠం: చూసినది, విన్నది

గత పాఠంలో ఉత్తరం పైభాగాన ఉండే సంఖ్య, తేదీ, పంపినవారి హోదా, అందుకున్నవారి హోదా గుర్తించడం నేర్చుకున్నాం. ఇప్పుడు లోపలి పేరాలకు వద్దాం. ఉదాహరణకు దూరం వెళ్లనక్కరలేదు. 1857 జూలై 17న మన హైదరాబాదులో, కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై (నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటు నివాసంపై) జరిగిన దాడినే తీసుకుందాం.

హైదరాబాద్ కంటింజెంటుకు (నిజాం రాజ్యంలో బ్రిటిష్ అధికారుల కింద పనిచేసిన సైన్యానికి) చెందిన జమేదారు చీదా ఖాన్ తిరుగుబాటు చేసి నగరానికి రాగా, నిజాం దివాన్ (ప్రధానమంత్రి) సాలార్‌జంగ్ అతన్ని పట్టించి రెసిడెంటు కత్‌బర్ట్ డేవిడ్‌సన్‌కు అప్పగించాడు. అతన్ని విడిపించడానికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు (పఠాన్ యోధులు), నగరవాసులు రెసిడెన్సీ మీదికి కదిలారు. ఆ కబురును సాలార్‌జంగ్ ముందే రెసిడెంటుకు చేరవేశాడు.

ఇక్కడే మన పని మొదలవుతుంది. ఇలాంటి ఘటన గురించి అధికారి పైవారికి రాసేటప్పుడు, తాను ప్రహరీ లోపలి నుంచి చూసినది, దివాన్ తెలియజేసినది, వేగులు చెప్పినది ఒకే నిబ్బరమైన స్వరంలో కలిసిపోతాయి. కాబట్టి ఉత్తరానికి నకలు తీసుకుని (తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో గాని మరెక్కడ గాని అసలు కాగితం మీద గీత పడకూడదు), ప్రతి వాక్యం పక్కన అది చూసినదో విన్నదో రాయండి. తేల్చలేని చోట ఖాళీగా వదలండి. ఊహతో నింపడం కంటే అది మేలు.

సంఖ్యల దగ్గర మరింత నిదానం అవసరం. దాడి చేసినవారు సుమారు 500 మంది అన్న మాట తరచు కనిపిస్తుంది. సాయంత్రం మొదలై రాత్రి కూడా సాగిన కాల్పుల్లో, ఎదుటి ఇళ్లలో మాటు వేసినవారిని ఎవరు, ఎక్కడ నిలబడి లెక్కించారు? అంకె తప్పని నేననడం లేదు. అయితే శత్రువు సంఖ్య పెరిగితే కాపాడినవారి ఘనత పెరుగుతుంది, అదనపు బలగం అడగడానికీ ఆధారం దొరుకుతుంది. అందువల్ల అంకె ఉన్న పేరాను, బలగం కోరే పేరాను పక్కపక్కన పెట్టి చదవాలి.

తిరగబడినవారి మాటను వెతకడం ఇంకా కష్టం. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు; తుర్రేబాజ్ ఖాన్ నిర్బంధం నుంచి తప్పించుకుని, 1859లో తూప్రాన్ సమీపంలో హతుడయ్యాడు. విచారణలో నమోదైన వాంగ్మూలం దొరికితే, అది ఎవరు అడిగిన ప్రశ్నకు జవాబో, ఏ భాషలో చెబితే ఏ భాషలో రాసుకున్నారో ముందుగా గుర్తించండి.

అభ్యాసంగా మీకు దొరికిన ఏ ఉత్తరంలోనైనా రెండు పేరాలకు ఇలా గుర్తులు పెట్టండి. వచ్చే పాఠంలో ఉత్తరానికి జతచేసిన కాగితాలను పరిశీలిద్దాం.