డోసు పెంచితే జుట్టు త్వరగా వస్తుందనుకున్నాను

నడినెత్తిన జుట్టు పలచబడుతుంటే డాక్టర్ నాకు ఫినాస్టరైడ్ రోజుకు 1 మి.గ్రా. రాశారు. రెండు నెలలైనా తేడా కనబడలేదు. టెన్షన్ ఆగక, ప్రోస్టేట్ వాపుకి వాడే 5 మి.గ్రా. మాత్ర మొదలుపెట్టాను. కొన్ని వారాలకే లైంగిక ఆసక్తి తగ్గింది. భయపడి, అదే మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేశాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మిగిలింది బల్ల మీద తెల్లటి పొడి. అప్పుడు నా భార్య గర్భవతి. విరిగిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదని, కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదమని డాక్టర్ చెప్పాకే తెలిసింది. ఆ రోజు నిజంగా వణికిపోయాను.

ఈ మందు జుట్టు కుదుళ్లను కుదించే హార్మోన్ డీహెచ్‌టీని తగ్గిస్తుంది. ఆ పని చాలావరకు 1 మి.గ్రా.తోనే అయిపోతుందట, ఐదింతలు మింగితే ఫలితం ఐదింతలు రాదు. డాక్టర్ సలహాతో కొన్నాళ్లు ఆపి, విరవనక్కర్లేని 1 మి.గ్రా. మాత్రకే తిరిగి వచ్చాను. ఆసక్తి మామూలైంది. ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ అనే రక్త పరీక్ష చేయించుకుంటే ఈ మందు సంగతి తప్పకుండా చెప్పాలి, అంకె తక్కువగా చూపిస్తుంది. నెలకోసారి ఒకే వెలుతురులో ఫోటో తీశాను. ఎనిమిదో నెల ఫోటోలో రాలడం ఆగినట్టు స్పష్టంగా కనిపించింది.