కార్బన్ డయాక్సైడ్‌తో గింజల నూనె – 3వ పాఠం: పీడనం ఎంత, వేడి ఎంత?

కిందటి పాఠంలో గింజలను ఆరబెట్టి, పలుకు అర మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండేలా పొడి చేసి, ఎక్స్‌ట్రాక్టర్‌లో, అంటే నూనె తీసే పీడన పాత్రలో నింపాం. ఇక గ్యాస్ పంపాలి. ఎంత పీడనంతో, ఎంత వేడితో అన్న దగ్గరే కొత్తవాళ్లు తికమక పడతారు.

31 డిగ్రీలు, 74 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). ఈ రెండూ దాటితే కార్బన్ డయాక్సైడ్ అటు ద్రవమూ కాదు, ఇటు వాయువూ కాదు. దాన్నే సూపర్‌క్రిటికల్ స్థితి అంటాం. వాయువులా సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా నూనెను కరిగించుకుంటుంది. అయితే 74 బార్ దాటాం కదా అని నూనె వచ్చేయదు. వాసననిచ్చే తేలికపాటి తైలాలు 100 బార్ దగ్గరే కరుగుతాయి. గింజలో ఉండే అసలు నూనె, అంటే ట్రైగ్లిజరైడ్లు, బరువైన అణువులు. వాటికి 300 బార్ ప్రాంతానికి వెళ్లాల్సిందే.

కారణం సాంద్రత. 40 డిగ్రీల దగ్గర 100 బార్‌లో ఘనపు మీటరు కార్బన్ డయాక్సైడ్ సుమారు 630 కిలోలు తూగుతుంది, 300 బార్‌లో సుమారు 910 కిలోలు. అణువులు దగ్గరగా చేరేకొద్దీ నూనెను పట్టుకునే శక్తి పెరుగుతుంది.

వేడి సంగతి ఇంత సూటిగా ఉండదు. వేడి పెంచితే నూనె అణువులు తేలిగ్గా విడివడతాయి, అది మనకు లాభం. అదే వేడికి కార్బన్ డయాక్సైడ్ పలచబడుతుంది, అది నష్టం. ఏది గెలుస్తుందో పీడనం తేలుస్తుంది. 100 బార్‌లో 40 నుంచి 60 డిగ్రీలకు వెళ్తే సాంద్రత 630 నుంచి 290కి పడిపోతుంది, ఇక కరిగేదేముంది? 300 బార్‌లో అదే మార్పుకు 910 నుంచి 830కి మాత్రమే తగ్గుతుంది. కాబట్టి 300 బార్‌కు కాస్త అటూ ఇటూగా ఒక మలుపు ఉంటుంది. దానికి బాగా కింద వేడి పెంచితే నూనె తగ్గుతుంది, బాగా పైన పెరుగుతుంది. నూనె రావడం లేదని హీటర్ పెంచేముందు మీరు ఏ వైపున ఉన్నారో చూసుకోండి.

నన్నడిగితే 300 బార్, 50 డిగ్రీలతో మొదలుపెట్టమంటాను. 400 బార్‌లో పని వేగంగా అవుతుంది, నిజమే. కానీ మీ పాత్ర మీద ముద్రించిన గరిష్ఠ పీడనమే చివరి మాట. పరీక్షించి ధ్రువీకరించిన పాత్ర లేకపోతే ఈ పాఠాన్ని చదివి వదిలేయండి. వెల్డింగ్ చేయించిన పైపుతో ప్రయోగాలు అసలు వద్దు.

నూనె కరిగించుకున్న గ్యాస్ వాల్వ్ దాటి సెపరేటర్‌లోకి వస్తుంది. అక్కడ పీడనం 50–60 బార్‌కు పడిపోతుంది, కరిగించే శక్తి పోతుంది, నూనె అడుగుకు చేరుతుంది. గ్యాస్‌ను చల్లబరిచి ద్రవంగా మార్చి మళ్లీ పంపుకు పంపవచ్చు. పంపు తలను కూడా చల్లగా ఉంచాలి, లేకపోతే లోపల బుడగలు పుట్టి పంపు ఒట్టిగా తిరుగుతుంది. వాల్వ్ దగ్గర మాత్రం దీనికి తలకిందులు. గ్యాస్ ఒక్కసారిగా వ్యాకోచించి బాగా చల్లబడుతుంది, పీడనం మరీ కిందికి పడితే గడ్డకట్టి దారి మూసేస్తుంది కూడా. అందుకే వాల్వ్‌కు వేడి చుట్టు తప్పనిసరి. గదిలో గాలి ఆడాలి, కార్బన్ డయాక్సైడ్ కొలిచే అలారం ఉండాలి. ఇది గాలికంటే బరువు, నేల దగ్గర పేరుకుంటుంది, వాసన ఉండదు.

ఇప్పుడు లెక్క. కిలో పొడిలో 300 గ్రాముల నూనె ఉందనుకుందాం. రుబ్బేటప్పుడు పగిలిన కణాల్లోంచి బయటపడ్డ నూనె 70 శాతం, అంటే 210 గ్రాములు. ఒక్కో కిలో కార్బన్ డయాక్సైడ్ 8 గ్రాములు కరిగించుకుంటుందనుకుంటే 26 కిలోల పైచిలుకు కావాలి. గంటకు 5 కిలోలు పంపితే 5 గంటల 15 నిమిషాలు. అరగంటకోసారి నూనె తూచి గ్రాఫ్ గీస్తే అంతవరకు దాదాపు సరళరేఖే వస్తుంది. తర్వాత రేఖ వంగుతుంది. మిగిలిన 90 గ్రాములు పగలని కణాల్లో ఉన్నాయి, గోడలు దాటి మెల్లగా రావాలి. అప్పుడు గ్యాస్ వేగం పెంచినా పెద్ద లాభం ఉండదు. చాలామంది ఈ దశలోనే కరెంటు దండగ చేస్తారు. వంపు కనబడ్డాక ఎంతసేపు నడపాలన్నది నూనె విలువను బట్టి మీరే తేల్చుకోవాలి.

అభ్యాసం: ఇంకాస్త మెత్తగా రుబ్బితే 70 శాతం 85 అయిందనుకోండి. సరళరేఖ ఎన్ని గంటలు సాగుతుంది? మరీ పిండిలా రుబ్బితే గ్యాస్ పొడి అంతటా పారకుండా ఒకే దారి చేసుకుని జారిపోతుంది. అప్పుడు గ్రాఫ్ ఎలా మారుతుందో ఊహించి గీయండి. నాలుగో పాఠం ఆ గ్రాఫ్‌తోనే మొదలవుతుంది.