పాత రికార్డుల్లోని హాండెల్ ఆర్గన్ కాన్చెర్టోలను బాగుచేయడం ఎలా?

18వ శతాబ్దపు స్వరకర్త హాండెల్ లండన్‌లో ఒరటోరియో (గాయకులు, వాద్యబృందం కలిసి వినిపించే పెద్ద గానకథ) అంకాల మధ్య తానే ఆర్గన్ (గాలి గొట్టాలతో పలికే వాద్యం) మీద వాయించడానికి రాసుకున్న కాన్చెర్టోలివి, అంటే ఒక వాద్యం, వాద్యబృందం కలిసి వాయించే రచనలు. ఓపస్ 4 (ఓపస్ అంటే అచ్చయిన సంపుటి సంఖ్య) 1738లోనూ, ఓపస్ 7 ఆయన పోయాక 1761లోనూ అచ్చయ్యాయి. 1950ల మోనో (ఒకే చానెల్) ఎల్పీ రికార్డుల మీద వీటిని బాగుచేసేటప్పుడు ఒక చిక్కుంది. గొట్టాల్లోకి పోయే గాలి సవ్వడి, స్వరం పలకబోయే ముందు వచ్చే 'ఛఫ్' అనే చిన్న విరుపు, చర్చి గోడల ప్రతిధ్వని, ఇవన్నీ సంగీతంలో భాగమే. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అవన్నీ చెత్తే. అందుకే సగం పని కంప్యూటర్ దగ్గరికి వెళ్ళకముందే అయిపోవాలి.

1. కడగడం

లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో నాన్-అయానిక్ డిటర్జెంట్ నాలుగైదు చుక్కలు చాలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా రుద్ది, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. బోరు నీళ్ళు వద్దు. ఆరాక మిగిలే ఉప్పే కొత్త చిటపటలవుతుంది. లేబుల్ తడవకూడదు. 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులకు స్పిరిట్ గానీ ఆల్కహాల్ గానీ తగలనివ్వొద్దు, లక్క కరిగిపోతుంది. నీడలోనే నిలబెట్టి ఆరబెట్టండి.

2. సూది, మధ్య రంధ్రం

మోనో ఎల్పీకి 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సూది, లక్క రికార్డుకు 65 నుంచి 75 మైక్రాన్లది వాడాలి. స్టీరియో సూది 18 మైక్రాన్లే. అది మోనో గాడిలో లోతుకు దిగి అడుగున ఉన్న మురికిని పలికిస్తుంది. అయితే పాత సూదులు అరగదీసిన రికార్డయితే ఒక్కోసారి ఆ 18 మైక్రాన్లదే అరగని చోట కూర్చుంటుంది. రెండూ పెట్టి వినండి.

సూది చేయి అటూ ఇటూ ఊగుతుంటే రంధ్రం మధ్యలో లేనట్టు. 1 మి.మీ. జరిగినా చాలు, లోపలి గాడుల దగ్గర (60 మి.మీ. వ్యాసార్ధం) శ్రుతి సుమారు 29 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైకీ కిందికీ పోతుంది, 1.8 సెకన్లకోసారి. వయొలిన్‌లో అది కొంత గమకంలో కలిసిపోవచ్చు. ఆర్గన్ గొట్టం కదలకుండా ఒకే స్వరం పలుకుతుంది కాబట్టి వినేవారికి కడుపులో తిప్పినట్టే ఉంటుంది. రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో కాస్త వెడల్పు చేసి, చేయి ఊగడం ఆగేదాకా రికార్డును జరపండి.

3. రికార్డు చేయడం

96 కిలోహెర్ట్జ్, 24 బిట్. చివరి భాగంలో ఆర్గన్ నిండుగా మోగే చోట పెట్టి, గరిష్ఠ స్థాయి −6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. రికార్డు మోనో అయినా స్టీరియోలోనే ఎక్కించాలి. కారణం కిందే వస్తుంది. 1950ల మధ్య నుంచి వచ్చిన ఎల్పీలకు ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డు చెక్కేటప్పుడు మార్చిన హెచ్చు తగ్గు స్వరాల పాళ్ళను తిరిగి సరిచేసే ప్రామాణిక సర్దుబాటు) సరిపోతుంది. దాన్నే 78కి పెడితే పై స్వరాలు మొద్దుబారిపోతాయి. ఈ మూల ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలు మీదే పని చేయండి.

4. టిక్కులు (గీతల వల్ల వచ్చే టక్కుమనే చప్పుళ్ళు)

గాడికి రెండు గోడలు, దెబ్బలు రెంటికీ ఒకేచోట తగలవు. అందుకే ముందు ఎడమ, కుడి చానెళ్ళను విడివిడిగా శుభ్రం చేసి, తర్వాత కలిపి మోనో చేయండి. కలిపినప్పుడు నిలువు కదలిక వల్ల వచ్చే రొద చాలావరకు దానంతటదే రద్దవుతుంది. ఆడాసిటీ (ఉచిత ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్) 'క్లిక్ రిమూవల్'లో త్రెషోల్డ్ (టిక్కుగా పట్టుకునే హద్దు) 200, స్పైక్ వెడల్పు 20తో మొదలుపెట్టండి. త్రెషోల్డ్ బాగా తగ్గిస్తే 'ఛఫ్' కూడా పోయి, ఆర్గన్ కాస్తా చవక కీబోర్డులా వినిపిస్తుంది. పెద్ద టిక్కులను ఒక్కొక్కటిగా 'రిపేర్'తో తీయడమే మేలు. అది ఒకసారికి 128 శాంపిళ్ళ (ధ్వని కొలతల) వరకే పనిచేస్తుంది.

5. హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్ మనే రొద)

ముందు ఎర్త్ వైరు చూడండి. ఫిల్టర్ ఆఖరి మార్గం. మన కరెంటు 50 హెర్ట్జ్, మంద్ర జి స్వరం 49 హెర్ట్జ్. హమ్ రెండో హార్మోనిక్ (రెట్టింపు పౌనఃపున్యం) 100, పై జి 98. ఓపస్ 4లో 1, 3 కాన్చెర్టోలు జి మైనర్‌లోనే ఉన్నాయి. వెడల్పాటి నాచ్ ఫిల్టర్ (ఒక్క పౌనఃపున్యం దగ్గరే కోసే ఫిల్టర్) పెట్టారా, డబుల్ బేస్ ఆధార స్వరమే ఎగిరిపోతుంది. ఆ ఫిల్టర్ క్యూ విలువ ఎంత ఎక్కువగా పెడితే కోత అంత సన్నగా ఉంటుంది. టర్న్‌టేబుల్ గరగరకు 20 హెర్ట్జ్ కింద కోస్తే చాలు.

6. సుయ్ మనే రొద

రొద తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు ముందు ఉత్త రొద నమూనా ఇవ్వాలి. ఆ నమూనా కోసం రెండు భాగాల మధ్య విరామాన్ని తీసుకోవద్దు. అక్కడ ఆర్గన్ గాలి, చర్చి నిశ్శబ్దం వినిపిస్తుంటాయి. సూది దిగాక, అసలు రికార్డింగు టేపు చప్పుడు మొదలవకముందు ఉన్న ఖాళీ గాడినే నమూనాగా ఇవ్వండి. 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గింపు చాలు. 'రెసిడ్యూ' (తీసేసిన ధ్వనిని మాత్రమే వినిపించే ఎంపిక) ఎంచుకుని తీసేసిందేమిటో వినండి. అందులో స్వరం లీలగా వినబడినా, ప్రతిధ్వని తోక కనబడినా తగ్గింపు ఎక్కువైందన్నమాట.

రికార్డు ఒక్కో పక్క చివర్లో ఆర్గన్ బొంగురుపోవడం వేరే సంగతి. బయటి గాడిలో సూది సెకనుకు 51 సెం.మీ. నడిస్తే లోపలికొచ్చేసరికి 21కి పడిపోతుంది. దీనికి సాఫ్ట్‌వేర్ పెద్దగా ఏమీ చేయలేదు, మరో ప్రతి వెతకాల్సిందే.

7. అతుకులు

చెడిన చోట మరో కళాకారుడి రికార్డులోంచి ముక్క తెచ్చి పెట్టొద్దు. ఓపస్ 7లో చాలాచోట్ల హాండెల్ 'ఆడ్ లిబిటమ్' (వాయించేవారి ఇష్టం) అని మాత్రమే రాసి వదిలేశాడు. ఎవరి మనోధర్మం వారిదే. అదే రికార్డులో పునరావృతమయ్యే భాగం కూడా నమ్మదగింది కాదు, రెండోసారి అలంకారాలు మారతాయి. అదే రికార్డుకు ఇంకో ప్రతి కావాలి. 78ల పక్కలు కలిపేటప్పుడు సాగుతున్న ఆర్గన్ స్వరం మధ్యలో క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గిస్తూ మరొకటి పెంచుతూ కలపడం) చేస్తే స్వరం అలలా ఊగుతుంది. తర్వాతి స్వరం 'ఛఫ్'కు సరిగ్గా ముందు కోసి అతకండి.