మల్టీఫోకల్ కంటి లెన్స్ డిజైన్ చెయ్యాలంటే: లెక్కతో సహా మొదటి నుంచి

శుక్లాల ఆపరేషన్‌లో మామూలు లెన్స్ వేస్తే దూరం బాగానే కనిపిస్తుంది కానీ దగ్గరికి కళ్ళజోడు తప్పదు, ఎందుకంటే ఆ లెన్స్‌కి ఉండేది ఒకటే ఫోకస్, పైగా మనం పుట్టుకతో తెచ్చుకున్న లెన్స్ లాగా అది ఆకారం మార్చుకోలేదు. ఆ చత్వారపు అద్దాలు కూడా అక్కర్లేకుండా ఒకే లెన్స్‌లో రెండు మూడు ఫోకస్‌లు పెట్టేదే మల్టీఫోకల్ ఐఓఎల్ (ఇంట్రాఆక్యులర్ లెన్స్, అంటే కంటి లోపల పెట్టే లెన్స్). ఆప్టిక్స్, బయోమెడికల్ చదువుతున్నవాళ్ళు ఇది ఎలా డిజైన్ చేస్తారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతుంటారు కదా, వాళ్ళకోసం ఒక డిఫ్రాక్టివ్ లెన్స్ (సన్నటి మెట్ల రింగులతో వెలుగుని విడగొట్టి పంచే రకం) తీసుకుని మొదటి నుంచి చెప్తా. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుంటే చాలు.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక విషయం బుర్రలో గట్టిగా పెట్టుకోండి. కంట్లోకి వచ్చే వెలుగు ఎంతో అంతే, దగ్గరి ఫోకస్‌కి ఇచ్చేదంతా దూరం నుంచి కోసి ఇచ్చేదే, మధ్యలో కొంత ఎవరికీ అందకుండా పోతుంది కూడా. అందుకే మొదటి ప్రశ్న లెన్స్ గురించి కాదు, ఆ లెన్స్ వేసుకునే మనిషి రోజంతా ఏం చూస్తారన్నది. పేపర్ చదవడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, ఫోన్ చూడడం ఇవన్నీ దాదాపు 40 సెంటీమీటర్ల దగ్గర జరిగే పనులు. కంప్యూటర్, వంటగట్టు, షాపులో కౌంటర్ 60 నుంచి 80 మధ్యలో ఉంటాయి. బస్సు బోర్డు, టీవీ, రాత్రి రోడ్డు ఇవన్నీ దూరం కిందకి వస్తాయి. వీటిలో ఏది వదులుకోగలరు, దేన్ని ముట్టుకోకూడదు అన్నది కాగితం మీద రాసుకోండి. నా వరకైతే ముట్టుకోకూడనిది రాత్రి రోడ్డు, ఎందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

కంటి కొలతలు ఒకసారి చూద్దాం. కంటి మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లు (1ని మీటర్లలో ఫోకస్ దూరంతో భాగిస్తే వచ్చేది), అందులో కంటి ముందరి పారదర్శక పొర కార్నియాదే 43 దాకా ఉంటుంది, లోపల పెట్టే లెన్స్‌కి సగటున 20 దగ్గర పడుతుంది. లెన్స్ ఆప్టిక్ వ్యాసం 6 మి.మీ., దాన్ని కంట్లో నిలబెట్టే కాళ్ళతో కలిపి 13 మి.మీ. దాకా. దీన్ని మడిచి రెండు, రెండున్నర మి.మీ. కోత లోంచి లోపలికి తోస్తారు. ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది, లెన్స్ మీద ఇచ్చిన యాడ్ పవర్ (దగ్గరి చూపు కోసం అదనంగా ఇచ్చే పవర్) కళ్ళజోడు దగ్గరికి వచ్చేసరికి అంతే ఉండదు, సుమారు 0.8 వంతు అవుతుంది. లెన్స్ మీద 3 డయాప్టర్లు ఇస్తే జోడు లెక్కలో 2.4, అంటే చదివే దూరం 42 సెంటీమీటర్లు. 4 ఇస్తే 3.2, అంటే 31 సెంటీమీటర్లు, చాలామందికి అది మరీ ముక్కు దగ్గరికి వచ్చేసినట్టు ఉంటుంది. పాత లెన్స్‌లు 4 తో వచ్చి తర్వాత 3 కి దిగింది కూడా ఇందుకే. మనం 3 తీసుకుందాం.

యాడ్ తేలిపోయింది కాబట్టి రింగులు గీద్దాం. లెన్స్ మీద మెట్లు మెట్లుగా కోసే వృత్తాలే ఈ రింగులు, దగ్గరి ఫోకస్‌కి చూసుకుంటే ఒక్కో రింగు దాటినప్పుడు వెలుగు దారి సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం మారేలా వాటిని పెడతాం. సూత్రం చాలా చిన్నది: రింగు వ్యాసార్థం వర్గం = 2 × రింగు నంబరు × తరంగదైర్ఘ్యం ÷ యాడ్ పవర్. పగటి వెలుగులో కన్ను బాగా పట్టే 550 నానోమీటర్ల ఆకుపచ్చ తీసుకుంటే మొదటి రింగు వర్గం 0.367 చదరపు మి.మీ., అంటే వ్యాసార్థం 0.61 మి.మీ. రెండోది 0.86, మూడోది 1.05, తొమ్మిదోది 1.82. బయటికి వెళ్ళేకొద్దీ రింగులు సన్నబడతాయి, తొమ్మిదో రింగు వెడల్పు దాదాపు 0.1 మి.మీ. మాత్రమే. ఈ తొమ్మిదో రింగు దగ్గర ఒకసారి ఆగి ఆల్కాన్ వాళ్ళ రీస్టోర్ లెన్స్ వివరాలు చూడండి, మధ్యలో 3.6 మి.మీ. వ్యాసం వరకే మెట్లు, 3 డయాప్టర్ల మోడల్‌లో 9 మెట్లు, 4 డయాప్టర్ల మోడల్‌లో 12. మీ లెక్కలో 4 పెట్టి 12 వరకు వెళ్ళి చూడండి, అదే 3.6 వస్తుంది. మార్కెట్లో వేలకి వేలు పోసి కొనే లెన్స్ వెనక ఉన్న జామెట్రీ మీ నోట్‌బుక్‌లో అలా తేలడం నాకు ఇప్పటికీ చాలా నచ్చే విషయం.

రింగులు ఎక్కడ పడతాయి అన్నది ఫోకస్ దూరాన్ని నిర్ణయిస్తుంది, మెట్టు ఎత్తు మాత్రం ఏ ఫోకస్‌కి ఎంత వెలుగు అన్నది నిర్ణయిస్తుంది. ఈ రెండూ వేరు వేరు అని పట్టుకుంటే సగం డిజైన్ అయిపోయినట్టే. హైడ్రోఫోబిక్ (నీళ్ళు పీల్చుకోని) అక్రిలిక్ ప్లాస్టిక్ వక్రీభవన గుణకం 1.55, కంట్లో ఉండే నీరు 1.336, తేడా 0.214. 0.55 మైక్రాన్లని దాంతో భాగిస్తే 2.57 మైక్రాన్లు, ఇది పూర్తి ఒక తరంగం మెట్టు, ఇలా కోస్తే వెలుగంతా దగ్గరికే పోతుంది. సగం కోస్తే, అంటే 1.28 మైక్రాన్లు, దూరానికి 40.5 శాతం, దగ్గరికి 40.5 శాతం, మిగతా 19 శాతం పనికిరాని ఆర్డర్లలోకి (మెట్లు వెలుగుని విడగొట్టినప్పుడు పుట్టే మిగతా ఫోకస్‌లలోకి) పోతుంది. దూరానికి ఎక్కువ కావాలంటే 0.4 తరంగం మెట్టు పెట్టండి, ఎత్తు 1.03 మైక్రాన్లు, అప్పుడు దూరానికి 57, దగ్గరికి 25. ఎత్తులో పావు మైక్రాన్ తగ్గింది అంతే, పంపకం మాత్రం సగం సగం నుంచి రెండు వంతులు ఒక వంతుకి మారిపోయింది. దీన్ని తిరగేసి కూడా చూడాలి, 1.28 కోయాల్సిన చోట లేత్ (లెన్స్ కోసే యంత్రం) పొరపాటున 1.41 కోస్తే దూరానికి 33, దగ్గరికి 49 అయి కూర్చుంటుంది, అంటే 0.13 మైక్రాన్ల తప్పుకి ఆ మనిషి దూరపు చూపు మసకబారుతుంది. అందుకే డ్రాయింగ్ మీద టాలరెన్స్ (ఎంత తేడా ఒప్పుకుంటామన్నది) రాసేటప్పుడు ఊరికే అలవాటుగా ఒక నంబరు వెయ్యకండి, ముందు ఈ లెక్క వేసుకుని అప్పుడు రాయండి.

రంగుల సంగతి కూడా ఇక్కడే వస్తుంది, మెట్టు ఎత్తు మారదు గానీ వెలుగు రంగు మారితే అదే మెట్టు ఎరుపుకి తక్కువ తరంగంగా, నీలానికి ఎక్కువ తరంగంగా పడుతుంది, కాబట్టి ఎరుపు దూరానికి మొగ్గుతుంది, నీలం దగ్గరికి. 550 ఒక్కదానితో సిమ్యులేషన్ ఆపేస్తే ఇది కనపడదు, కనీసం నీలం ఎరుపు రెండూ కలిపి నడపండి.

ఇప్పుడు రాత్రి రోడ్డు. దూరంలో ఉన్న హెడ్‌లైట్ రెటీనా మీద ఒక చుక్కగా పడాలి, కానీ దగ్గరి ఫోకస్‌కి వెళ్ళిన వెలుగు రెటీనాకి ముందే కలిసి, అక్కడ నుంచి విచ్చుకుని, చుక్క చుట్టూ పెద్ద బిళ్ళలా పరుచుకుంటుంది, పేషెంట్లు చెప్పే హేలో ఇదే. దాని సైజు లెక్క సులువు, కంటిపాప వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని జోడు లెక్కలోని యాడ్‌తో గుణించండి. రాత్రి పాప 5 మి.మీ. అనుకుంటే 0.005 × 2.4 = 0.012 రేడియన్లు. వంద మీటర్ల దూరంలో ఎదురొచ్చే లారీ హెడ్‌లైట్ ఒక్కోదాని చుట్టూ 1.2 మీటర్ల వెలుగు బిళ్ళ అన్నమాట. పక్కన నడిచే మనిషో సైకిలో అందులో కలిసిపోవచ్చు. చాలామంది మెదడు కొన్ని నెలల్లో దీనికి అలవాటు పడుతుంది, నిజమే, కానీ డిజైనర్ దాని మీద భారం వేసి ఊరుకోకూడదు.

దీనికి మన చేతిలో ఉన్నది అపోడైజేషన్. మధ్యలో మెట్టు ఎత్తుగా పెట్టి బయటికి వెళ్ళేకొద్దీ తగ్గించుకుంటూ పోవడం, రీస్టోర్‌లో ఇది 1.3 మైక్రాన్ల నుంచి 0.2 కి దిగుతుంది, 3.6 మి.మీ. బయట మెట్లే ఉండవు. పగలు పాప చిన్నగా ఉన్నప్పుడు రెండు ఫోకస్‌లూ పనిచేస్తాయి, రాత్రి పాప పెద్దదైతే అదనంగా వచ్చిన వెలుగు దాదాపు అంతా దూరానికే పోతుంది. ఇందులో నష్టం ఏంటంటే మసక వెలుతురు హోటల్లో మెనూ చదవాలంటే ఇబ్బంది. నేనైతే ఆ ఇబ్బందిని ఒప్పుకుంటా, ఫోన్ టార్చ్ వేసుకుని మెనూ చదువుకోవచ్చు గానీ ఎదురొచ్చే లైటుని మనం ఆర్పలేం కదా. అన్నట్టు అమెరికాలో 1997 లో మొదట అనుమతి వచ్చిన మల్టీఫోకల్ అర్రే లెన్స్‌లో మెట్లు లేవు, వేరు వేరు వక్రతల జోన్లు మాత్రమే, అలాంటి వాటిల్లో పాప సైజుని బట్టి ఏ జోన్ పనిచేస్తుందో మారిపోతూ ఉంటుంది, వయసుతో పాప చిన్నదవుతుంది కాబట్టి ఆ రకం తీసుకుంటే ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ట్రైఫోకల్ (మూడు ఫోకస్‌ల లెన్స్) కావాలంటే రెండు బైఫోకల్ (రెండు ఫోకస్‌ల) ప్రొఫైల్స్‌ని ఒకదాని మీద ఒకటి వెయ్యడం తెలిసిన దారి. ఫైన్‌విజన్ లెన్స్ ఇలాగే 3.5, 1.75 యాడ్‌లు కలిపింది, అందులో తెలివి ఎక్కడంటే 1.75 ది రెండో ఆర్డర్ సరిగ్గా 3.5 దగ్గరే పడుతుంది కాబట్టి వృథా అవ్వాల్సిన వెలుగులో కొంత దగ్గరి చూపుకి కలిసొస్తుంది. మధ్య దూరం 80 సెంటీమీటర్లు కావాలా 60 కావాలా అన్నది మీ మొదటి కాగితం చూసి తేల్చండి, 60 కావాలంటే లెన్స్ మీద 2.1 చుట్టుపక్కల యాడ్ రావాలి, పాన్‌ఆప్టిక్స్‌లో 2.17 ఉన్నది అందుకే.

మెట్ల కింద ఉండే అసలు లెన్స్ ఉపరితలాన్ని గుండ్రంగానే వదిలెయ్యకండి. సగటు కార్నియాకి 6 మి.మీ. పాప దగ్గర సుమారు 0.27 మైక్రాన్ల పాజిటివ్ స్ఫెరికల్ అబెరేషన్ (అంచుల నుంచి వచ్చే వెలుగు, మధ్య నుంచి వచ్చేది ఒకే చోట కలవని లోపం) ఉంటుంది, దానికి ఎదురుగా లెన్స్‌కి నెగటివ్ ఇవ్వాలి. పూర్తిగా కొట్టెయ్యాలా కొంత వదలాలా అన్నదానిలో కంపెనీలే ఒక మాట మీద లేవు, టెక్నిస్ లెన్స్ మొత్తం 0.27 తీసేస్తుంది, ఆక్రిసాఫ్ ఐక్యూ లెన్స్ 0.20 దగ్గర ఆగుతుంది. మొత్తం తీసేస్తే లెన్స్ కాస్త పక్కకి జరిగినా చూపు ఎక్కువ చెడుతుంది కాబట్టి నా ఓటు కొంత వదలడానికే.

సిమ్యులేషన్‌కి జీమాక్స్ అనే ఆప్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉంటే మంచిదే, లేకపోతే పైథాన్‌లో ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌తో పాప దగ్గర ఫేజ్ పెట్టి ఫోకస్ మారుస్తూ ఎంటీఎఫ్ (సన్నటి గీతల కాంట్రాస్ట్ ఎంత నిలుస్తుందో చూపే గ్రాఫ్) గీసుకోవచ్చు, విద్యార్థులకి ఇదే బాగా నేర్పిస్తుంది. మిల్లీమీటరుకి 50 గీతల జతల దగ్గర విలువ సుమారు కంటి చార్టులో 6/12 లైనుకి, 100 దగ్గరది 6/6 లైనుకి సరిపోతుంది. పాప 2 నుంచి 5 మి.మీ. దాకా మారుస్తూ చూడండి, ఒక్క 3 మి.మీ. గ్రాఫ్ చూసి సంతోషపడితే లాభం లేదు. తర్వాత లెన్స్‌ని అర మి.మీ. పక్కకి జరిపి, 5 డిగ్రీలు వంచి మళ్ళీ నడపండి. మన మొదటి రింగు వ్యాసార్థమే 0.61 కదా, అర మి.మీ. జరిగితే చూపు గీత దాదాపు ఆ రింగు అంచు మీదకి వచ్చేస్తుంది, అందుకే మల్టీఫోకల్‌లో కాళ్ళ డిజైన్‌ని చివర్లో చేసే పనిగా పెట్టుకోకూడదు. లెన్స్ వెనక అంచు చుట్టూ చతురస్రంగా పదునుగా ఉండాలి, పాత లెన్స్ సంచిలో మిగిలిన కణాలు ఆ సంచి వెనక పొర మీదకి పాకకుండా అడ్డుకునేది ఆ అంచే, పొర మసకబారితే మల్టీఫోకల్ ఉన్నవాళ్ళకి మామూలు లెన్స్ వాళ్ళకన్నా ముందే తెలుస్తుంది.

మెటీరియల్ విషయంలో ఒక మాట. 1949 లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటి లెన్స్ పెట్టింది పీఎంఎంఏ అనే గట్టి ప్లాస్టిక్‌తో, యుద్ధ విమానాల కానోపీ ముక్కలు పైలట్ల కంట్లో ఉండిపోయినా కన్ను పెద్దగా రియాక్ట్ అవ్వకపోవడం ఆయన గమనించాడు. అది మడవడానికి రాదు, కాబట్టి ఇప్పుడు అక్రిలిక్‌లే. హైడ్రోఫిలిక్ అయితే పొడిగా ఉన్నప్పుడు కోస్తారు, నీళ్ళు తాగాక ఉబ్బుతుంది, రింగుల వ్యాసార్థాలు మెట్టు ఎత్తులు రెండూ పెరుగుతాయి కాబట్టి ఆ మేరకు చిన్నగా కోయాలి, పైగా గుణకం 1.46 కాబట్టి సగం తరంగం మెట్టు 2.2 మైక్రాన్లు అవుతుంది. మెత్తటి హైడ్రోఫోబిక్ అయితే చల్లబరిచి కోయాల్సి వస్తుంది. వజ్రపు టూల్ మొనకి కూడా ఒక వ్యాసార్థం ఉంటుంది, మెట్టు మూల నిటారుగా రాదు, గుండ్రబడుతుంది, ఆ గుండ్రం దగ్గర వెలుగు చెదురుతుంది. కాబట్టి సిమ్యులేషన్‌లో ఆదర్శ మెట్టు తీసేసి టూల్ కోసే ఆకారాన్నే పెట్టి మళ్ళీ చూడండి, శాంపిల్ వచ్చాక వైట్ లైట్ ఇంటర్‌ఫెరోమీటర్ కింద ప్రతి మెట్టు కొలవండి.

ఆ తర్వాత పరీక్షలు కంట్లో పెట్టే లెన్స్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11979 వరుసలో ఉంటాయి, రెండో భాగం ఆప్టిక్స్, మూడోది మెకానికల్, అయిదోది శరీరానికి పడుతుందా లేదా, ఏడోది క్లినికల్. మన దేశంలో అమ్మాలంటే 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కింద లైసెన్స్ కావాలి. క్లినికల్ దశలో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ లాంటి పెద్ద కంటి సంస్థల్లో పనిచేసే సర్జన్లతో డిజైన్ మొదట్లోనే మాట్లాడడం మేలు, ఎందుకంటే ఎవరికి ఈ లెన్స్ వెయ్యకూడదో వాళ్ళకి బాగా తెలుసు: గ్లకోమా ముదిరినవాళ్ళు, షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్ళు, మాక్యులా (రెటీనా మధ్య భాగం) సమస్య ఉన్నవాళ్ళు, వీళ్ళకి అసలే కాంట్రాస్ట్ తక్కువ, ఉన్న వెలుగుని ఇంకా పంచితే కష్టం. రాత్రిళ్ళు బండి నడిపి బతికేవాళ్ళ పేరు కూడా ఆ లిస్టులో రాయండి, పాప సైజు యాడ్ గుణించి వచ్చిన హేలో సైజుని లెన్స్‌తో ఇచ్చే కాగితంలో డాక్టరుకి కనపడేలా వెయ్యండి.