డయాలసిస్ మనిషికి టీఎంఎస్ పెట్టించే ముందు చూసుకోవాల్సినవి

మా మావయ్యకి సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. గాజువాక నుంచి తెల్లారకుండానే బయల్దేరి వెళ్ళి నాలుగు గంటలు మెషీన్ మీదుండి రావడం, అలా అలా మనిషి మాట్లాడటమే మానేశాడు. డిప్రెషన్ మందులు పడకపోతే సైకియాట్రిస్ట్ గారు టీఎంఎస్ (అయస్కాంతంతో మెదడుకి ఇచ్చే ట్రీట్‌మెంట్) అన్నారు, అది విని అత్తయ్య "తలకి కరెంటు పెట్టేస్తారా ఏటి" అని ఒకటే ఏడుపు. షాక్ ట్రీట్‌మెంట్ వేరండి, ఇది వేరు. ఇందులో మత్తు ఉండదు, తలకి కాయిల్ ఆనించి అయస్కాంతం పల్స్‌లు ఇస్తారు, టకటకా గట్టిగా సౌండ్ వస్తుంది కాబట్టి చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెడతారు. అమెరికాలో డిప్రెషన్‌కి 2008లోనే పర్మిషన్ వచ్చింది.

దీంతో పెద్ద రిస్క్ అంటే ఫిట్స్. మామూలుగా చాలా అరుదు. కానీ డయాలసిస్ మీదున్న మనవాళ్ళకి సోడియం, కాల్షియం అటూ ఇటూ అవుతుంటాయి, యూరియా బాగా పెరిగినా ఫిట్స్ రావచ్చు, డయాలసిస్‌లో అది ఒక్కసారిగా తగ్గినా రావచ్చు, అందుకని ఏ రోజు వెళ్తున్నామన్నది ముఖ్యం. మెషీన్ దిగి నేరుగా టీఎంఎస్‌కి వెళ్ళొద్దు, అప్పటికే బీపీ పడిపోయి నీరసంగా ఉంటారు. మర్నాడు మంచిది. చిక్కేంటంటే టీఎంఎస్ మామూలుగా వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది, మనకి ఖాళీ మంగళ, గురు, శనివారాలే, సో ముందే అడిగి షెడ్యూల్ మార్పించుకోండి. డయాలసిస్ మిస్సయితే ఆ రోజు టీఎంఎస్ కూడా వద్దు, ఫోన్ చేసి చెప్పేయండి. రాత్రి నిద్ర లేకపోయినా అంతే, నిద్ర తక్కువైతే ఫిట్స్ తొందరగా వస్తాయి.

కిడ్నీ డాక్టర్, సైకియాట్రిస్ట్ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారని మాత్రం అనుకోకండి, ఫైల్ మోసేది మనమే. ట్రమడాల్, బుప్రోపియాన్, బాక్లోఫెన్, సెఫిపైమ్ ఇంజెక్షన్ లాంటివి వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, ఫిట్స్ విషయంలో ఇవి రిస్కే, పైగా వీటిలో కొన్ని కిడ్నీ పనిచేయకపోతే ఒంట్లోనే పేరుకుపోతాయి. లేటెస్ట్ బ్లడ్ రిపోర్ట్ కూడా పట్టుకెళ్ళండి. తల లోపల ఆపరేషన్‌లో పెట్టిన మెటల్ క్లిప్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, పేస్‌మేకర్ ఉంటే మొదటి రోజే చెప్పేయాలి. ఫిస్టులాకి (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసింది) కాయిల్‌తో ఇబ్బంది లేదు, కాకపోతే బీపీ చూసేటప్పుడు పట్టీ ఆ చేతికి కట్టనివ్వకండి, కొత్త స్టాఫ్‌కి తెలీదు, మావయ్యకి ఒకసారి కట్టబోయారు.

డిప్రెషన్‌కే టీడీసీఎస్ అని ఇంకోటుంది, తలకి తడి స్పాంజీలు పెట్టి ఒకటి రెండు మిల్లీఆంప్స్ కరెంట్ ఇస్తారు. ఆన్‌లైన్‌లో మెషీన్ దొరుకుతోంది కదా అని కొనేసి ఇంట్లో పెట్టకండి బాబూ. దురదకి గోకి గోకి చర్మం ఎండిపోయి ఉంటుంది మనవాళ్ళకి, స్పాంజి ఆరిందంటే కాలుతుంది. డయాలసిస్ నడుస్తుండగా అయితే అసలే వద్దు.

ఒకవేళ ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు పోయొద్దు, చేతిలో తాళాల గుత్తి పెడితే ఏమీ ఆగదు. టైమ్ చూస్తూ ఉండండి, అక్కడ డాక్టర్ ఉంటే సరే, ఇంటి దగ్గరైతే వెంటనే 108కి కొట్టి, డయాలసిస్ పేషెంట్ అని మొదటి మాటగా చెప్పండి.