తాళం పగల్లేదు, తలుపు తెరుచుకుంది: లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఇంట్లో దొంగలు పడ్డారనగానే అందరూ మొదట కొనేది కొత్త తాళం. కిందపడి ఉన్న పాత తాళాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే చాలా ఇళ్లలో అది వేసింది వేసినట్టే ఉంటుంది. ఊడింది కొండి. అదే కొండిని అవే రంధ్రాల్లో బిగించి, ఈసారి ఇంకా పెద్ద తాళం వేస్తారు. బతుకమ్మకో, మేడారం జాతరకో మూడు రోజులు ఊరెళ్ళేటప్పుడు ఇంటిని కాపాడేది మాత్రం ఆ నాలుగు స్క్రూలే.

అయిదు నిమిషాల పరీక్ష ఒకటుంది. ఎవరూ చెయ్యరు. తలుపుకు తాళం వేసి ఒకరు బయట, ఒకరు లోపల టార్చితో నిలబడాలి. బయటివాళ్ళు తాళం ఉన్న ఎత్తులో భుజం ఆనించి గట్టిగా నెట్టాలి. తన్నొద్దు, నెడితే చాలు. ఏది కదులుతుందో ఇద్దరూ చూడాలి: కొండి పట్టీ కట్టె మీంచి లేస్తోందా, దర్వాజ గోడలో ఊగుతోందా, తలుపు పైమూల వంగుతోందా? తర్వాత లోపలి గొళ్ళేలు ఒక్కొక్కటే వేసి మళ్ళీ నెట్టాలి. ఏది కదిలితే రోగం అక్కడుంది.

పట్టీ కట్టె మీంచి లేస్తోంది

చాలా ఇళ్లకు ఇదే జబ్బు. బయటికి మాత్రం ఏమీ కనిపించదు. ఇత్తడి గొళ్ళెం మెరుస్తుంటుంది, స్క్రూ తలలు వరుసగా, పాలిష్‌తో సహా చక్కగా ఉంటాయి. తలల వెనక ఏముందో తెలియాలంటే ఒక స్క్రూ బయటికి తియ్యాల్సిందే.

తీస్తే మూడింట్లో ఒకటి కనిపిస్తుంది. మొదటిది, స్క్రూ పొడవు ముప్పావు అంగుళం. గొళ్ళెం డబ్బాలో దానితో పాటు వచ్చిన స్క్రూలే వాడేస్తారు. పట్టీ మందం పోగా కట్టెలో దిగేది అర అంగుళమే, దాన్ని పెకలించడానికి గడ్డపార కూడా అక్కర్లేదు, చిన్న రాడ్ చాలు. రెండోది, స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, పైకి రాదు, బిగుసుకోదు. వడ్లాయన దాన్ని సుత్తితో రెండు దెబ్బలు వేసి దింపి, ఆఖరి రెండు చుట్లు మాత్రమే స్క్రూడ్రైవర్‌తో తిప్పాడన్నమాట. సుత్తితో దింపితే స్క్రూ మరలు కట్టె నారను కోసుకుంటూ పోతాయి, పట్టు ఆరోజే పోతుంది. మూడోది మన ఎండ. పచ్చికట్టె దర్వాజకు బిగించిన స్క్రూ చుట్టూ 43, 44 డిగ్రీల ఎండల్లో కట్టె ఎండి కుదించుకుపోతుంది. నాలుగు ఎండాకాలాలు దాటిన మామిడి కట్టె దర్వాజలో స్క్రూను వేళ్ళతో కదిలించొచ్చు. టేకు అయితే కొంత నయం, అంతే.

బాగు చెయ్యడం ఒక పూట పని. తలుపు వైపు స్క్రూలే వద్దు. రంధ్రాలు ఆరుపారా దాటించి 8 మి.మీ. గుండ్రటి తల బోల్టులు వెయ్యండి. తల బయట, వాషరూ నట్టూ లోపల. 30 నుంచి 35 మి.మీ. మందం తలుపుకు 2 అంగుళాల బోల్టు సరిపోతుంది. నట్ల కింద లోపలివైపు 3 మి.మీ. మందం, అడుగు పొడవున్న ఇనుప పట్టీ పెట్టండి, వెల్డింగ్ షాపులో రంధ్రాలు కూడా వేసిస్తారు. పట్టీ లేకపోతే దెబ్బకు వాషర్ కట్టెలోకి దిగిపోతుంది. లోపల డొల్లగా ఉండే ఫ్లష్ డోర్ (నున్నటి ప్లైవుడ్ తలుపు) అయితే పట్టీ తప్పనిసరి. లోపల గట్టి దిమ్మె ఉండేది తాళం పెట్టమని వదిలిన చోటే, మిగతా చోట్ల స్క్రూకు దొరికేది పైనున్న పలుచటి ప్లైవుడే.

దర్వాజ వైపు బోల్టు దాటించడం కుదరదు కాబట్టి పొడవాటి స్క్రూలు కావాలి: 10 నంబరు, 3 అంగుళాలు. వదులైన పాత రంధ్రంలో ఫెవికాల్ పూసిన టేకు పుల్ల బిగుతుగా కొట్టి, ఒక రోజంతా ఆరనివ్వండి. ఆరాక 3 మి.మీ. బిట్‌తో దారి చేసి, స్క్రూకు సబ్బు రాసి చేత్తో తిప్పండి. దారి చెయ్యకుండా దింపితే కట్టె నిలువునా పగులుతుంది. ఫాల్ సీలింగ్‌కు వాడే నల్ల స్క్రూలు పొడుగ్గా, చవకగా దొరుకుతాయని తేకండి. అవి వంగవు, ఒక్క దెబ్బకు తల తెగుతాయి.

ఆల్‌డ్రాప్ (తాళం వేసే పొడవాటి రాడ్ గొళ్ళెం) ఉన్నవాళ్ళు ఇంకొకటి చూడాలి. రాడ్ పూర్తిగా వేసి, దర్వాజ అంచు దగ్గర రాడ్ మీద పెన్సిల్ గీత పెట్టి, వెనక్కి లాగి కొలవండి. కట్టెలోకి కనీసం అంగుళం దిగాలి. వానాకాలంలో తలుపు ఉబ్బి రాడ్ రంధ్రానికి ఎదురుగా రాదు, అప్పుడు రాడ్ కొననో, రంధ్రం అంచునో ఆకురాయితో అరగదీస్తారు. ఎండాకాలం వచ్చేసరికి తలుపు తగ్గి, రాడ్ అర అంగుళం మీద వేలాడుతుంటుంది. తలుపు అంచుకు రందా పట్టించండి, రాడ్ జోలికి పోవద్దు.

ఇంత చేశాక లోపలి టవర్ బోల్టులను (జరిపి వేసే గొళ్ళేలను) మర్చిపోతారు. రాత్రి మీరు నిద్రపోయేది వాటి ధైర్యంతోనే. అవి కూడా అర అంగుళం స్క్రూల మీదే నిలబడి ఉంటాయి.

దర్వాజ మొత్తం ఊగుతోంది

దర్వాజకూ గోడకూ మధ్య ప్లాస్టర్‌లో సన్నటి చీలిక కనిపిస్తుంది. గోడలో దిగాల్సిన ఇనుప కాళ్ళు తుప్పు పట్టో, సిమెంట్ సరిగ్గా పట్టకో వదులయ్యాయి. చీలికలో పుట్టీ పూస్తే కనపడకుండా పోతుంది, పట్టు రాదు. దర్వాజలోంచి గోడలోకి 10 మి.మీ. నైలాన్ ఫాస్టెనర్లు కొట్టించండి, 3 అంగుళాల కట్టెకు 150 మి.మీ. పొడవు. తాళం ఎత్తుకు జానెడు పైన ఒకటి, కింద ఒకటి, కబ్జాల వైపు కూడా అలాగే. ఇటుక గోడకు ఇనుప యాంకర్ వద్దు, విచ్చుకునేటప్పుడు ఇటుకను పగలగొడుతుంది. దర్వాజ నిలువు కట్టెలను కింది భాగంలో స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే చెద పట్టింది, అక్కడ ఏ స్క్రూ నిలవదు.

ముందు తలుపు గట్టిది, దొంగ డాబా మీంచి దిగాడు

వాన నీళ్ళు రాకుండా డాబా తలుపును బయటికి తెరుచుకునేలా పెడతారు. అంటే కబ్జాల పిన్నులు బయటే ఉంటాయి. పిన్ను కొట్టేస్తే లోపల ఎన్ని గొళ్ళేలున్నా తలుపు ఆ పక్క నుంచి వచ్చేస్తుంది. ప్రతి కబ్జాలో ఎదురెదురుగా ఉన్న ఒక జత స్క్రూలు తీసి, దర్వాజ వైపు రంధ్రంలో పొడవాటి స్క్రూ దింపి, తల కోసేసి 12 మి.మీ. మొన వదలండి. తలుపు మూసినప్పుడు ఆ మొన ఎదుటి రంధ్రంలో కూర్చుంటుంది. ఇక పిన్ను తీసినా తలుపు రాదు.

ఎండాకాలం ఇంటిల్లిపాదీ డాబా మీద పడుకునే వాళ్ళు కింద ముందు తలుపు లోపలి నుంచి వేశామని నిశ్చింతగా ఉంటారు. వెనక అర్ర కిటికీలో కూలర్ ఉంటుంది. దాని కోసం గ్రిల్ కోసేసి ఉంటారు. కూలర్‌ను పక్కకు జరిపితే ఆ సందులో మనిషి దూరొచ్చు. కూలర్‌ను బయట ఉంచి, దాని చుట్టూ ఇనుప చట్రం వెల్డింగ్ చేయించి గోడకు బిగించాలి. గ్రిల్ స్క్రూలు బయటివైపు ఉంటే వాటి తలలను కూడా అప్పుడే వెల్డ్ చేయించండి.

తలుపు మీద గీత కూడా లేదు

లాగితే పడే నైట్ లాచ్ అయితే నాలుక వాలుగా ఉంటుంది, సందులో పలుచటి రేకు పెట్టి వెనక్కి నెట్టొచ్చు. తాళంచెవి పూర్తిగా తిప్పి వెళ్ళాలి. లేదంటే తాళంచెవి పూలకుండీ కిందో, మీటర్ డబ్బా మీదో దొరికి ఉంటుంది.

కెమెరా ఉంది, రికార్డింగ్ లేదు

ఫోన్‌లో లైవ్ కనిపిస్తే చాలదు, నిన్న రాత్రి 2 గంటల రికార్డింగ్ తెరిచి చూడండి. హార్డ్ డిస్క్ చచ్చిపోయినా లైవ్ వస్తూనే ఉంటుంది. రికార్డర్‌ను టీవీ పక్కన పెట్టొద్దు, దొంగ ముందు దాన్నే ఎత్తుకుపోతాడు. సజ్జ మీద, గాలి తగిలే చోట దాచండి.

మీరు లోపలుండగానే చప్పుడైతే

పడక అర్ర తలుపుకు లోపలివైపు మంచి గొళ్ళెం, మంచం పక్కన ఫోను, టార్చి. గొళ్ళెం వేసుకుని 112కు ఫోన్ చేసి, లైట్లు వేసి అరవండి. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లు. కానీ అవసరానికి మించి కొట్టొద్దని 37వ సెక్షనే చెప్తుంది, పారిపోయేవాణ్ణి వెంటపడి కొట్టడం అందులోకి రాదు. అడవిపందుల కోసం చేలకు పెట్టినట్టు గ్రిల్‌కు కరెంటు మాత్రం పెట్టకండి. ముందు తగిలేది పొద్దున్నే పాలు పోసే మనిషికి, కేసు మీ మీద.

మత్తుమందు చల్లారు, గేటు మీద సుద్ద గుర్తులు పెట్టారు, పిన్నుతో తాళం తీశారు అనేవి వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటిని పక్కన పెట్టి, స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ ఒక్క స్క్రూ ఊడదీసి చూడండి.